రాయిని కొనుముందు దాని ఊరడుగుము

కొవ్వూరు

చిరంజీవి అమ్మాయికి పెద్దమామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము చేరినది. అది చేరుటకు ముందే మీ అమ్మ టెలిఫోనులో కొంత చెప్పి, చెప్పలేక కొంత ఏడ్చి, తక్కినది నన్నే ఊహించుకొమ్మని విడిచిపెట్టినది. ఆమె చెప్పినదానిని నీవు వ్రాసినదానితో కలిపి చూచుకొనగా, నెలనెల జీతములో పెద్దభాగము రాళ్లకును శిలాజములకును వెచ్చించుచున్నావనియు, అజంతా గుహలకు పోయినపుడు దారిప్రక్కన గులాబిరంగు ఓకెనైటు గిన్నె యొకటియు, మరెవరియొద్దనో మొరాకో దేశపు ట్రైలోబైటు ఒకటియు కొన్నావనియు, ఇప్పుడు పేరైనను సరిగా చెప్పని మనుష్యుడొకడు గుజరాతునుండి డైనోసారు గ్రుడ్డు తెచ్చి యిచ్చెదనని సగము సొమ్ము ముందుగా అడుగుచుండగా నీవిచ్చుటకు సిద్ధముగా నున్నావనియు తేలినది. మీ అమ్మ భయమంతయు డబ్బును గూర్చి. నేను దాని జోలికి పోను. నా భయము వేరొకటి; దానిని చెప్పుటకే ఈ ఉత్తరము.

మొదట నీ మనస్సు కుదుటపడునట్లు ఒక మాట చెప్పెదను. రాళ్లు కూర్చుట మానుమని నేను వ్రాయబోవుట లేదు. గోదావరి యిసుకలో ఏరిన గులకరాళ్లను పరికిణీ కుచ్చెళ్లలో మోసికొనివచ్చి, మా వీధి అరుగుమీద రంగు వెంబడి రంగుగా పేర్చి, వానిలో ఒక్కదానిని ఎవరు కదిపినను ఊరంతయు వినబడునట్లు ఏడ్చిన పిల్లవు నీవు. ఆ పిల్ల పెద్దదై, దినమంతయు తెరవంక చూచుచు కూర్చుండవలసిన ఉద్యోగములో చేరినను, ఇంకను రాతిని చేతబట్టి వెలుగునకు త్రిప్పి చూచు బుద్ధిని పోగొట్టుకొనలేదని విని నేను పొందిన సంతోషము ఇంతంత కాదు. ఈ అభిరుచి అల్పమైనది కాదు. ఖనిజముల గట్టితనమును కొలుచుటకు నేటికిని వాడుచున్న పది మెట్ల కొలమానమును 1812లో ఏర్పరచిన ఫ్రీడ్రిఖ్ మోస్, అంతకు పదియేండ్లు ముందు వియన్నా నగరమున ఒక బ్యాంకరు కూర్చుకొనిన ఖనిజములను వర్ణించి పట్టిక వ్రాయు పనికై పోయినవాడు. మన సి.వి. రామన్ స్ఫటికములను, వజ్రములను, రంగురాళ్లను ఎంతో మక్కువతో పోగుచేసినవాడు. కనుక కూర్చుము, కాని ఎట్లు కూర్చవలెనో తెలిసికొని కూర్చుము.

నీవున్న పుణె పట్టణము ఎట్టి నేలమీద నున్నదో ఒకసారి తలచుకొనుము. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట భూమి పగిలి, పొరమీద పొరగా పొంగి ప్రవహించిన లావా చల్లారి నల్లరాయియై, నేటికిని దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర దక్కనును కప్పియున్నది. ఆ లావా గడ్డకట్టునపుడు లోపల చిక్కుపడిన వాయువులు బుడగలై, ఆ బుడగల చోట రాతిలో బోలు గదులేర్పడినవి. తరువాత యుగములపాటు వేడినీరు పగుళ్లవెంట సంచరించి, రాతినుండి కాల్షియమును, సోడియమును, సిలికాను కరగించి తెచ్చి, ఆ గదుల గోడలమీద మెల్లమెల్లగా పేర్చినది. స్టిల్‌బైటు, హ్యూలండైటు, స్కోలిసైటు మొదలగు జియోలైటులును, వాని సరసనే అద్దమువలె మెరయు అపోఫిల్లైటును ఇట్లు పుట్టినవే. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున 1967లో తొలుత కనబడిన కావన్‌సైటు అను నీలిఖనిజము, తరువాత నీ యింటికి దాపుననే యున్న వాఘోలి క్వారీలలో లోకములో మరెక్కడను లేనంత సొంపుగా దొరికి, దేశదేశముల మ్యూజియములకు అక్కడినుండియే పోయినది. ఇంతటితో తీరలేదు. ఆ పశ్చిమపు లావా నదీలోయల వెంట సుమారు వేయి కిలోమీటర్లు ప్రవహించి మన గోదావరి గట్టుదాక వచ్చినదని పరిశోధకులు చెప్పుదురు. మన పంగిడి నల్లరాయి, అవతలి గట్టున కాటేరు నల్లరాయి ఆ ప్రవాహము చల్లారగా మిగిలినవే. నీవు ఎంత దూరము పోయితివని మీ అమ్మ బెంగపెట్టుకొనునప్పుడెల్ల, మన అమ్మాయి మన రాతిమీదనే యున్నదని నేను చెప్పుచుందును.

ఇక నా భయము. నీ యుత్తరమును మరల మరల చదివితిని. రంగు వ్రాసితివి, తూకము వ్రాసితివి, వెల వ్రాసితివి, బల్లమీద ఏది ఎక్కడ పెట్టితివో కూడ వ్రాసితివి. కాని ఏ యొక్క రాతికిని అది ఏ ఊరిదో వ్రాయలేదు. అమ్మినవానిని అడిగినట్లును లేదు. రాతిని ప్రేమించునట్టి నీకు ఆ ప్రశ్నయే తోచకపోవుట నాకు నిద్ర పట్టనీయకున్నది.

తిరునాళ్లలో తప్పిపోయిన బిడ్డ ఎంత ముద్దుగా నున్నను, తన ఊరును తల్లిదండ్రుల పేర్లును చెప్పలేకపోయిన దానిని ఎవరికి అప్పగింతుము? ఊరు తెలియని రాయియు అట్టిదే. ఖనిజమునకు అందము ఒక భాగము మాత్రమే. ఏ గనిలో, ఏ పొరలో, ఏ తోడి ఖనిజములతో కలిసి పుట్టినదో చెప్పు సాక్ష్యము రెండవ భాగము. అందమును కంటితో ఎన్నడైనను చూడవచ్చును. సాక్ష్యము మాత్రము ఒకసారి పోయిన మరల రాదు. ఎంతటి పండితుడును, ఎంతటి యంత్రమును దానిని పూర్తిగా తిరిగి తేలేదు. కావున ప్రతి రాతితోడను ఒక చీటీ యుండవలెను. ఆ చీటీమీద ఖనిజము పేరు, క్వారీ లేక గని పేరు, గ్రామము, తాలూకా, జిల్లా, రాష్ట్రము, దేశము, త్రవ్వితీసిన సంవత్సరము, తీసినవారి పేరు, నీవు ఎవరియొద్ద కొన్నావో వారి పేరు, కొన్న తేదీ, ఇచ్చిన వెల, ఎక్కడనైన అతుకు వేసియున్న ఆ అతుకు సంగతి, ఇవన్నియు ఉండవలెను. చీటీ విడిపోవచ్చును గనుక రాతి వెనుకప్రక్క కంటికి తగులనిచోట గోరంత తెల్లరంగు పూసి, అది ఆరిన పిమ్మట సన్నకలముతో ఇండియన్ ఇంకుతో సంఖ్య వ్రాసి, పైన వార్నీషు చుక్క వేయవలెను. అదే సంఖ్య నోటుపుస్తకములోను ఉండవలెను. పాతవారి చీటీ రాతితో వచ్చిన, అది చిరిగియున్నను, అక్షరము తప్పుగా నున్నను, పారవేయరాదు. నీ చీటీని దానిప్రక్కన చేర్చవలెను. మేలిరకపు రాళ్లను కొనువారు పాత చీటీలున్నదానికి ఎక్కువ వెల యిత్తురు. అందుకు హేతువు ఈ సాక్ష్యమే.

నాకు ఈ పట్టుదల ఎవరివలన వచ్చినదో చెప్పెదను. నేను కళాశాలలో చదువుకొను దినములలో భూగర్భశాస్త్రము చెప్పిన మాష్టారు ఒకరుండిరి. గోదావరిమీద రోడ్డువంతెన ఇంకను లేని రోజులవి. తెల్లవారుజామున రాజమండ్రి రేవులో లాంచీ ఎక్కి ఈ గట్టునకు దాటి, అక్కడినుండి దుమ్ములో నడిచి పంగిడి క్వారీలకు పోవుచుంటిమి. అరటియాకులలో కట్టిన పులిహోర వాసన సంచులలోనుండి వచ్చుచుండగా, ఆకలి యెత్తుచుండగా, మాష్టారు మాత్రము ఒకరినైనను కూర్చుండనీయక, రెండు నల్లరాతి ప్రవాహముల నడుమ చిక్కిన తెల్లని సున్నపురాతి పొరను కఱ్ఱతో చూపుచు, అందులోని చిన్నచిన్న గుల్లలు ఒక ప్రవాహము చల్లారి రెండవది వచ్చులోపల ఇక్కడి నీటిలో బ్రదికిన జీవులవి అని చెప్పుచుండిరి. ఒక లావాకును మరియొక లావాకును నడుమ దొరికిన విరామములో ప్రాణులు వచ్చి కాపురముండి పోయినవని వినినపుడు నా ఒడలు పులకరించినది. నేటికిని తలచుకొన్న పులకరించును. అయితే గుల్ల దొరికినదని కేకవేసి ఎవడైన సంచిలో వేసికొనబోయిన, మాష్టారు చేయి పట్టుకొని ఆపి, ముందు కాగితము, తరువాత సంచి అనుచుండిరి. ఏ పొర, పొర అడుగునుండి ఎన్ని అడుగుల ఎత్తు, క్వారీ ఏ మూల, ఇవి వ్రాసి, ఆ కాగితముతో కలిపి గుల్లను చుట్టిన పిమ్మటనే సంచిలోనికి అనుమతి. అక్కడ రాయి కొట్టు వడ్డెర ముసలమ్మ యొకతె ఉండెడిది. చేతిలో పెట్టిన గుల్లకు అంటియున్న మట్టిరంగు చూచి అది ఏ మూలనుండి వచ్చినదో చెప్పెడిది. మాష్టారు ఆమె చూపిన గుల్లల కాగితములమీద ఆమె పేరు వ్రాసి, ఆమెకే చదివి వినిపించుచుండిరి. ఆమె కొంగు నోటికడ్డముపెట్టుకొని సిగ్గుపడి నవ్వుట నాకు ఇప్పటికిని కండ్లకు కట్టినట్లున్నది. మీ అత్తయ్య ఈ కథ వినివిని విసిగినదనుకొనుము. అయినను నీకు చెప్పక తప్పదు.

పేరు వ్రాయుటను గూర్చి ఇంకొక మాట. ఇంగ్లండులోని లైమ్ రీజిస్ అను సముద్రతీరపు ఊరిలో మేరీ ఆన్నింగ్ అను పేదింటి పిల్ల 1799లో పుట్టి, కొండచరియలు విరిగిపడినచోట శిలాజములేరి అమ్ముకొని కుటుంబమును పోషించినది. 1823లో ఆమె తీసిన ప్లీసియోసారు అస్థిపంజరము నాటి పండితులను నివ్వెరపరచినది. అయినను ఆమె తీసినవి మ్యూజియములకు చేరినపుడు చీటీలమీద కొనియిచ్చిన పెద్దమనుష్యుల పేర్లెక్కినవి కాని వెదకి తీసిన ఆమె పేరు చాలవానిమీద ఎక్కలేదు. శిలాజములు అమ్ముటయు కొనుటయు దోషము కాదని చెప్పుటకు ఆమె జీవితమే సాక్షి. చీటీమీద తీసినవారి పేరుండవలెననుటకును ఆమె జీవితమే సాక్షి. క్వారీలో సుత్తిదెబ్బ వేయుచు లోపలి బోలుగదిని చూచి చేయి ఆపినవాడు లేకున్న నీ బల్లమీద స్టిల్‌బైటు లేదు. నడుమవారినడిగి అతని పేరు తెలిసికొనుము, తెలిసిన వ్రాయుము.

చీటీలు పోయిన ఏమగునో కూడ చూచితిని. మా పట్టణములో ఒక ప్లీడరుగారు గూడూరు గనుల అభ్రకపు పలకలు, గోమేధికపు ముక్కలు, మంగంపేట ముగ్గురాయి, మన గోదావరి గుల్లలు, జీవితమంతయు శ్రద్ధగా కూర్చి, ముత్యములవంటి దస్తూరీతో చీటీలు వ్రాసి పెట్టుకొనిరి. వారు పోయిన పిమ్మట పిల్లలు దానినంతయు ఒక విద్యాసంస్థకు దానమిచ్చిరి. అక్కడ అల్మరాలకు రంగులు వేయించు సందర్భమున పనివారు రాళ్లను గోనెసంచులలోనికిని, చీటీలను ఒక అట్టపెట్టెలోనికిని ఎత్తిరి. తరువాత ఏ చీటీ ఏ రాతిదో చెప్పగలవారు లేకపోయిరి; రాళ్లమీద సంఖ్యలు లేవు. కొన్ని యేండ్లకు ఆ రాళ్లు పూలమడుల చుట్టు గట్టుగా కనబడినవి. ఒక మనుష్యుని జీవితకాలపు పరిశ్రమ పూలమొక్కలకు కంచెయైనది. రాళ్లలో ఒక్కటియు పోలేదు, అమ్మాయీ, పోయినది సంబంధము.

చీటీ లేకపోవుట యట్లుండగా, అబద్ధపు చీటీ అంతకన్న ఘోరము. హిమాలయములలో దొరికినవని మన దేశపు విశ్వవిద్యాలయ పరిశోధకుడొకడు ఏండ్లతరబడి ప్రకటించిన శిలాజములలో కొన్ని మొరాకోలోను, న్యూయార్కు రాష్ట్రములోను దొరకువానిని పోలియున్నవని 1989లో జాన్ టాలెంట్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. రాళ్లు నిజమైనవే, వాని ఊరే అబద్ధము. ఆ అబద్ధముమీద ఆధారపడి ఇతరులు వ్రాసిన హిమాలయచరిత్ర ఎంతవరకు నమ్మదగినదో తేల్చుకొనుటకు ఎందరికో శ్రమ కలిగినది. పదియేండ్ల తరువాత మరియొకటి. చైనాలోని లియావోనింగ్ నుండి వచ్చి అమెరికాలోని టూసాన్ ఖనిజముల సంతలో 80,000 డాలర్లకు అమ్ముడుపోయిన శిలాజము ఒకటి పక్షికిని డైనోసారునకును నడుమ వారధియని 1999లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో అచ్చయినది. పక్షి శరీరమునకు వేరొక చిన్న డైనోసారు తోకను అతికించి చేసినదని ఆ యేడాదియే షూ షింగ్ అను చైనా శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. తోకకు సరిపోవు రెండవ పలక ఆయనకు చైనాలోనే కనబడుట వలన మోసము బయటపడినది. అంతటి పత్రికయు మోసపోయిన చోట నీవు మెలకువతో నుండవలెను.

నీవు కొన్నవానిని గూర్చి ఇప్పుడు తిన్నగా చెప్పెదను, కష్టపెట్టుకొనకుము. ఓకెనైటు సహజముగా తెల్లనిది. వెండ్రుకలకన్న సన్నని సూదులు గుండ్రముగా అల్లుకొని యుండును గనుక రంగు నీటిని సులభముగా పీల్చుకొనును. గులాబి, ఆకుపచ్చ, ఊదా రంగులలో అమ్మునవి రంగు వేసినవే. నీ గిన్నె రాయి నిజము, రంగు కృత్రిమము. చీటీమీద ఆ మాటే వ్రాసి ఉంచుకొనుము. ట్రైలోబైటు విషయమున భూతద్దము పట్టి చూడుము. మొరాకోలో వానిని రాయి పగులగొట్టి కనుగొందురు గనుక నిజమైనదానికి నడుమనుండి పోవు పగులు, దాని అతుకు సాధారణముగా కనబడును. గాలిబుడగల గుంటలున్నను, జంతువునకును చుట్టుపట్ల రాతికిని రంగులో తేడాయే లేకున్నను, అది రెజినుతో పోతపోసినది కావచ్చును. తెల్ల స్టిల్‌బైటుమీద నీలి కావన్‌సైటు కూర్చున్నదని చూపినపుడు రెండును కలియుచోటు చూడుము. నెయిల్‌పాలిష్ తుడుచు ద్రవమును దూదితో తాకించిన చాలవరకు జిగురు మెత్తబడును. సిట్రిన్ అని అమ్ము నారింజరంగు స్ఫటికములలో పెక్కు, ఊదారంగు అమెథిస్టును వేడిచేసి మార్చినవి. గోటితో గీత పడిన జిప్సముగాని అంతకన్న మెత్తనిదిగాని, చాకుతో పడక గాజును గీసినది పలుగురాయివంటి గట్టి ఖనిజము. ఈ పాటి పరీక్ష అంగడిలోనే చేయవచ్చును, యజమానిని అడిగి చేయుము.

ఇక ఆ గ్రుడ్డు. దానిని కొనవద్దు. ఈ ఒక్క విషయమున నేను సలహా చెప్పుట లేదు, ఆజ్ఞాపించుచున్నాను. గ్రుడ్డుపెంకు ముక్కలను గుండ్రని రాతికి అతికించి చేసినవి లోకమున తిరుగుచున్నవి గనుక మోసము కావచ్చునని మీ అమ్మ భయము. అది నిజమైనదే అయినచో నాకు ఇంకను ఎక్కువ భయము. గుజరాతులోని బాలాసినోర్ సమీపమున రైయోలి గ్రామముకడ డైనోసారుల ఎముకలును గ్రుడ్లును బయటపడి, ఆ స్థలము శిలాజవనముగా కాపాడబడుచున్నది. అక్కడి ఎముకలవలననే రాజాసారస్ అను జంతువు 2003లో లోకమునకు తెలిసినది. నర్మదా లోయలో మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాకడ 92 గూళ్లలో 256 గ్రుడ్లు ఉన్నవున్నట్లుగా పరిశీలించి 2023లో పరిశోధకులు ప్రకటించిరి. అంతకు ముందటి యేడు అదే ప్రాంతపు ఒక గూటిలో గ్రుడ్డులోపల గ్రుడ్డున్నదానిని ఢిల్లీ విశ్వవిద్యాలయమువారు కనుగొనిరి. అట్టి వికారము అంతవరకు పక్షులలోనే తెలిసియుండెను. డైనోసారులలో అదే మొదటిది. ఆ ఒక్క గ్రుడ్డును ఎవడైన రాత్రివేళ పెకలించి, పుణెలోని ఒక ఉద్యోగస్థురాలి బల్లమీదికి చేర్చియుండిన, ఆ జ్ఞానము మనుష్యజాతికి లేకుండపోయెడిది. గూటిలో ఎన్ని గ్రుడ్లున్నవి, ఎట్లు పేర్చియున్నవి, ఎంత లోతున పెట్టినవి, ఇవన్నియు గూటిచోటనే చదువదగినవి. నీకు అమ్మజూచువాడు పేరు చెప్పడు, ఊరు చెప్పడు, రసీదు ఇయ్యడు. అతనియొద్ద నీవు కొనునది ఆ గూటి వినాశమును. మంగోలియానుండి దొంగిలించి తెచ్చిన టార్బోసారస్ అను డైనోసారు అస్థిపంజరమును 2012లో న్యూయార్కులో పది లక్షల డాలర్లకు పైగా వేలము పాడిరి. ఆ దేశము పట్టుపట్టగా మరుసటి యేడు తిరిగి యిచ్చివేయవలసి వచ్చినది. డబ్బును పోయినది, పరువును పోయినది.

పెద్ద జంతువులను చూచు ముచ్చట యున్న హైదరాబాదునకు రమ్ము, నేనే తీసికొనిపోయెదను. మన ప్రాణహిత గోదావరి లోయలోని యామనపల్లియొద్ద దొరికిన ఒక డైనోసారుజాతి ఎముకలను నిలబెట్టి బిర్లా సైన్సు మ్యూజియములో పెట్టినారు. దాని శాస్త్రనామములోనే ఆ గ్రామము పేరు నిలిచినది. అంతకన్న మంచి చీటీ ఉండునా? ఆ లోయలోనే 1960ల మొదట త్రవ్వితీసిన బారపాసారస్ అను మరియొక డైనోసారు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో నున్నది. ఇవి ఎవరి యింటి బల్లమీదను లేవు గనుకనే నీవును చూడగలవు, రేపు నీ పిల్లలును చూడగలరు.

కొనుటను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. అప్పుచేసి రాయి కొనవద్దు. పది చిన్నవాని సొమ్ముతో, విరుగని మొనలు గల, చీటీ గల, ఒక్క మంచిదానిని కొనుము. అంగుళపు ఘనములో ఇమిడెడు చిన్న నమూనాలను ప్రత్యేకముగా కూర్చువారున్నారు; నీ అద్దెగదికి అవియే తగినవి. వాఘోలి, జల్‌గావ్, నాశిక్ ప్రాంతముల క్వారీలవారితో వరుసగా వ్యవహారము గల పేరున్న వర్తకుని ఒకరిని చూచుకొని, ఆయనకు నమ్మకమైన కొనుగోలుదారువు కమ్ము. మంగంపేటనుండి ఎవరైన ముగ్గురాయి యిచ్చిన తీసికొనుము. పులివెందుల ప్రక్కల రాతినారను మాత్రము ఎంత అందముగా నున్నను ఇంటికి తేవద్దు, దాని నారపోగులు ఊపిరితిత్తులకు విషము. ఇంగిలీకములో పాదరసమున్నది, మణిశిలలో ఆర్సెనిక్ ఉన్నది; ముట్టిన చేతులు కడుగకుండ అన్నము తినవద్దు. మణిశిల వెలుతురులో పొడియగును. అమెథిస్టు ఎండలో వెలవెలబోవును. పైరైటు వానకాలపు చెమ్మకు కుళ్లి ఆమ్లము కార్చి తన చీటీని కూడ తినివేయును, కనుక దానిని సిలికాజెల్ పొట్లములతో మూతపెట్టెలో ఉంచుము. నీవును ఆ చెమ్మలో తడియవద్దు. పోయిన వానకాలమున నీకు పట్టిన దగ్గు మీ అమ్మ నాకు చెప్పినది. మిరియాల కషాయము పెట్టుకొనుచున్నావా? రాళ్లకు పొడి గది వెదకునట్టి నీవు నీ పడక కిటికీప్రక్కన వేసికొంటివని వినినాను, అది మార్చుము.

మన యింటి సాలగ్రామమును నీవెరుగుదువు. గండకీనదిలో దొరకు ఆ నల్లరాయి లోపల చుట్టుచుట్టుకొనియున్న గుర్తు కోట్ల యేండ్లనాటి సముద్రజీవిదని నేను చెప్పినపుడు మీ అమ్మమ్మ కోపగించుకొనలేదు. అంత పాతవాడా స్వామి, అని మరియొకసారి నమస్కరించినది. సాలగ్రామమునకు వెల చెప్పరాదని ఆమె నియమము. కాని ఏ యాత్రలో, ఎవరి చేతినుండి, ఏ నదిదని చెప్పి యిచ్చినారో తరతరములుగా చెప్పుకొనుచునే వచ్చినారు. మన పెద్దలు చీటీని నోటితోనే వ్రాసిరి.

బీర్బల్ సాహ్ని అను మహానుభావుడు జీవితమంతయు మొక్కల శిలాజములను కూర్చెను. లక్నోలో తాను స్థాపించిన పురావృక్షశాస్త్ర సంస్థకు 1949 ఏప్రిల్ 3న నెహ్రూచేత శంకుస్థాపన చేయించెను. ఆ పునాదిరాతిలో దేశదేశముల శిలాజములను పొదిగించెను. సరిగా వారము తిరుగగానే, ఏప్రిల్ 10న, ఆయన కన్నుమూసెను. ఆయన కూర్చినవి నేటికిని చదువునకు పనికివచ్చుచున్నవన్న, ఏది ఎక్కడిదో ఆయన వ్రాసి పెట్టుటచేతనే. మనుష్యుడు పోవును, రాయి నిలుచును, కాని చీటీ లేని రాయి నిలిచియు మాటాడదు.

కాబట్టి వచ్చు ఆదివారము మరియొక రాయి కొనబోక, గట్టి అట్టగల నోటుపుస్తకము ఒకటి కొనుము. నీ బల్లమీదివానిలో ప్రతిదానిని చేతబట్టుకొని, ఎక్కడ కొంటివో, ఎవరు అమ్మినారో, వారేమని చెప్పినారో జ్ఞాపకమున్నంతవరకు వ్రాయుము. తెలియనిచోట తెలియదనియే వ్రాయుము, ఊహించి వ్రాయకుము. నీకు అమ్మిన వర్తకునియొద్దకు తిరిగి పోయి ఏ క్వారీయో అడుగుము. జ్ఞాపకము ప్రతిదినమును కొంత పోవుచుండును గనుక ఆలస్యము చేయకుము. వ్రాసిన మొదటి పుట నకలు నాకు పంపుము; తప్పులుండిన దిద్ది పంపెదను, లేకున్న మీ అమ్మకు చూపి నీ పక్షమున నేను మాటాడెదను. ఇకమీద ఊరు చెప్పలేని అమ్మకందారుకు ఒక్క రూపాయియు ఇయ్యవద్దు.

శుభమస్తు.

నీ పెద్దమామయ్య